నలభై ఏడో నంబరు

మునిలక్ష్మి అబద్ధమాడే మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే పుంగనూరు బయట, ఒక షామియానా కింద, టేబుల్ వెనక కూర్చున్న పెద్దమనుషులు పది నిమిషాల్లో ఆమెను అబద్ధాలకోరును చేసేసినారు. ఆ పది నిమిషాలూ నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇప్పుడు తలుచుకున్నా నా చెవులు వేడెక్కుతాయి.

నా పేరు ఉష. చౌడేపల్లె దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మునిలక్ష్మి మా బడికి టపా తెచ్చే మనిషి. ఏడు పల్లెలకు ఆమె ఒక్కతే. ఆధార్ కార్డులు, బ్యాంకు నోటీసులు, బెంగళూరులో పని చేసుకుంటున్న పిల్లలు ఇంటికి పంపే పార్సిళ్లు, అన్నీ ఆమె సంచిలోనే వస్తాయి. పదకొండేళ్లుగా అదే నల్ల లేడీస్ సైకిల్. గేర్లు లేవు. రోజుకు ఇరవై రెండు కిలోమీటర్లు, అందులో సగం మిట్టలే.

రెండేళ్ల కిందట డాక్టరు నాకు షుగర్ అంచుల్లో ఉన్నావని చెప్తే, భయపడి గేర్ల సైకిల్ కొన్నాను. మొదటి రోజే బడి ముందరి మిట్ట ఎక్కలేక దిగి తోసుకుంటూ పోతున్నాను. వెనకనుంచి సంచీతో వచ్చిన మునిలక్ష్మి నా పక్కన నెమ్మదించి, "ఏం టీచరమ్మా, నువ్వు సైకిలును నడిపిస్తాండావా, సైకిలు నిన్ను నడిపిస్తాండాదా?" అని నవ్వి, సీటు మీదనుంచి లేవకుండానే ఆ మిట్ట ఎక్కిపోయింది.

అప్పటినుంచి మేము స్నేహితులం. ఆదివారాలు ఇద్దరం తొక్కేవాళ్లం. ఆమె నాకంటే ఆరేళ్లు పెద్దది, మునక్కా అని పిలుస్తాను. ఆమె నన్ను టీచరమ్మా అనడం మాని ఉషమ్మా అనడానికి ఒక సంవత్సరం పట్టింది. మా నాన్నకు పదెకరాల మామిడి తోట ఉంది. ఆమె అమ్మ ఒకప్పుడు అలాంటి తోటల్లో కూలికి పోయింది. మేమిద్దరం దాన్ని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోనంత మాత్రాన అది లేకుండా పోదని ఈ సంగతి జరిగినాకే నాకు సరిగా అర్థమైంది.

మదనపల్లెలో ఒక సైక్లింగ్ క్లబ్బు ఉంది. వాళ్లు జనవరిలో పుంగనూరు, మదనపల్లె రోడ్డు మీద టైం ట్రయల్ పెడుతున్నామని పోస్టరు వేసినారు. ఆడవాళ్లకు వేరే విభాగం. అదేమిటో మునక్కకు నేను చెప్పాను.

"అందర్నీ ఒకేసారి వదలరక్కా. నిమిషానికొకర్ని వదుల్తారు. ఎవరి వెనకా అంటుకుని పోకూడదు. పది కిలోమీటర్లు పోయి, అక్కడ తిప్పుకుని, మళ్లీ పది కిలోమీటర్లు రావాలి. ఎవరి టైం వాళ్లది. పోటీ మనుషులతో కాదు, గడియారంతో."

ఆమె సంచి సర్దుకుంది. "మూడు గంటలకు టపా సంచి కట్టేస్తారు. ఆ లోపల ఏడు ఊర్లూ తిరిగి రావల్ల. నేను దినామూ చేసేది అదే గదమ్మా."

ఇద్దరం పేర్లిచ్చినాము. ముందు రోజు సాయంత్రం ఆమె భర్త ఈశ్వరప్ప ఆ నల్ల సైకిలును తలకిందులుగా పెట్టి, క్యారియరు, స్టాండు, మడ్గార్డులు, ముందు బుట్ట అన్నీ ఊడదీసినాడు. చైనుకు నూనె పోసి, చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. బోసిపోయిన ఆ సైకిలును చూసి మునక్క, "గుండు కొట్టించినట్టు ఉండాదే" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు చెప్పుకోవాలి. తర్వాత చాలా రోజులు ఆమె అట్లా నవ్వలేదు.

ఆదివారం పొద్దున ఐదున్నరకు చేరుకున్నాము. మంచు ఇంకా విడవలేదు. మగవాళ్లు నలభై మంది, ఆడవాళ్లం ఏడుగురం. పేర్లు రాసుకునే టేబుల్ దగ్గర క్లబ్బు సెక్రటరీ సుబ్రమణ్యం ఉన్నాడు. మునక్క సైకిల్ చూసి ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"అమ్మా, ఇది రేసు. తెలుసు కదా? పర్లేదులే, సరదాగా తొక్కండి. పూర్తి చేయలేకపోతే వెనకాల వ్యాన్ వస్తుంది." తర్వాత ఫోన్ తీసి, "ఒక్క ఫోటో. సైకిల్ బాగా కనపడేట్టు పట్టుకో అమ్మా" అన్నాడు.

నన్ను మీరు అన్నాడు. ఆమెను ముందు మీరు అని, తర్వాత పట్టుకో అన్నాడు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

చివరి మూడు నంబర్లు మావి. నలభై ఐదు చాందిని, కుప్పం నుంచి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థిని, సన్న టైర్ల రేసు సైకిల్, వెంట కోచ్. నలభై ఆరు నేను. నలభై ఏడు మునక్క. గడియారం దగ్గరున్న మనిషి ఐదు, నాలుగు, మూడు అని లెక్కపెడుతుంటే నేను బ్రేకులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. వెనకనుంచి మునక్క, "బయపడొద్దు, ఇది మన రోడ్డే" అంది.

నేను బయలుదేరి రెండు కిలోమీటర్లు కూడా పోలేదు. వెనకనుంచి చైను చప్పుడు. గరగర, గరగర. మునక్క నన్ను దాటింది. చీర కాదు ఆ రోజు, చుడీదారు, నడుముకు చున్నీ బిగించి కట్టింది. తల వంచి, మోచేతులు దగ్గరికి పెట్టుకుని, టపా సంచి లేని వీపుతో, ఎవరో తరుముతున్నట్టు కాదు, తనే ఎవరినో తరుముతున్నట్టు పోయింది. నాకు సిగ్గు వేయలేదు. గట్టిగా అరవాలనిపించింది. ఊపిరి లేక అరవలేదు.

టర్నింగ్ ఇంకా ఒక కిలోమీటరు ఉందనగా ఆమె నాకు ఎదురొచ్చింది. ముఖమంతా చెమట. నావైపు ఒక వేలు ఎత్తి చూపించింది, అంతే. నేను టర్నింగ్ చేరేసరికి అక్కడ రోడ్డు మధ్యన ఒక ఎర్ర కోన్ ఉంది, పక్కన ఒక తెల్ల కారు ఉంది. మనిషి లేడు. నేను కోన్ దగ్గరికి పోయే లోపల కారు తలుపు తీసుకుని ఒకాయన దిగినాడు, చెవి దగ్గర ఫోను. "నంబరెంతమ్మా?" అన్నాడు. "నలభై ఆరు" అని అరిచి తిప్పుకున్నాను. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. ఆయన పేరు శివకుమార్ అని, క్లబ్బుకు వైస్ ప్రెసిడెంటు అని తర్వాత తెలిసింది.

నేను యాభై ఎనిమిది నిమిషాల్లో వచ్చాను. దిగి పడిపోకుండా ఎవరో పట్టుకున్నారు. మునక్క షామియానా పక్కన కింద కూర్చుని నీళ్లు తాగుతోంది.

"ఎంతక్కా?"

"నలబై ఐదు ముప్పై అని ఆ గడియారమాయనే చదివినాడు. ఆ కుప్పం పాప నలబై ఎనిమిది పది. నేనేనంట మొదుట." ఆ మాట అంటుంటే ఆమె నోరు మూతపడలేదు. "ఉషమ్మా, నేనేనంట."

ఇరవై కిలోమీటర్లు. పదకొండేళ్ల ఇనుప సైకిల్. నేను ఆమెను కౌగిలించుకున్నాను. ఇద్దరి చెమటా ఒకటైంది.

అది పావుగంట సంతోషం. తెల్ల కారు వచ్చి ఆగింది. శివకుమార్ తన కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టినాడు. వాళ్లు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. తర్వాత సుబ్రమణ్యం మునక్కను పిలిచినాడు.

"అమ్మా, టర్నింగ్ దగ్గర నీ నంబరు లేదు."

"లేకుంటే ఎట్ల సార్? నేను తిరిగినా గదా."

"ఎక్కడ తిరిగినావు?"

"ఆడనే. ఎర్రది పెట్టిండారు కదా, దాని సుట్టూ."

శివకుమార్ ముందుకు వచ్చినాడు. "నేను అక్కడినుంచి కదల్లేదు. నలభై ఐదు వచ్చింది, రాసినాను. తర్వాత నలభై ఆరు వచ్చింది, రాసినాను. మధ్యలో ఎవరూ రాలేదు."

"సార్, నేను వచ్చేటప్పటికి మీరు కారులో నుంచి దిగుతున్నారు" అన్నాను.

"అప్పుడే కూర్చున్నానండీ, ఒక్క నిమిషం."

"ఆ ఒక్క నిమిషంలోనే ఆమె వచ్చి ఉండొచ్చు కదా?"

సుబ్రమణ్యం నాకు కుర్చీ జరిపినాడు. నాకు మాత్రమే. "కూర్చోండి టీచర్ గారూ. మీరు చదువుకున్నవాళ్లు, ఆలోచించండి. గేర్లు లేని సైకిల్. ప్రాక్టీసు చేసిన అమ్మాయి కంటే రెండున్నర నిమిషాలు ముందా? ఇట్లాంటోళ్లకు రూల్సు తెలీవు. కాస్త ముందే తిప్పుకుని వచ్చేసి ఉంటుంది. కావాలని కాకపోవచ్చు."

ఇట్లాంటోళ్లు. ఆమె ఆయనకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. ఆమె లేనట్టే, ఆ మాటలు ఆమె తల మీదుగా నాకు చెప్తున్నాడు. ఆమె ఎట్లా తొక్కిందో ఆమెను అడగడు. ఆమె నిజం చెప్తోందా లేదా అని నన్ను అడుగుతాడు.

నేను కూర్చోలేదు. "ఆమె నన్ను రెండో కిలోమీటర్లో దాటింది. తిరిగి ఎదురొచ్చింది."

"ఎక్కడ ఎదురొచ్చింది?"

"టర్నింగుకు ఒక కిలోమీటరు ముందర."

"చూశారా. కోన్ దగ్గర మీరు చూళ్లేదు కదా?"

చూళ్లేదు. నేను ఇంకాస్త గట్టిగా తొక్కి ఉంటే చూసేదాన్ని.

అప్పుడు మునక్క అంది. "నేను తిరిగేటప్పుడు అంజమ్మ ఆడనే ఉండె. రోడ్డు పక్కన టమోటా బాక్సులు నింపుతాండె. నన్ను పేరు పెట్టి పిల్చింది. దాన్ని అడగండి. ఇంకోటి, ఆ కుప్పం పాప నాకు ఎదురొచ్చింది. అప్పుడు ఎర్రది నా కంటికి కనపడతానే ఉండె. ఆ పాపనూ అడగండి."

చాందిని కొంచెం దూరంలో కోచ్ పక్కన నిలబడి ఉంది. ఈ మాటలు ఆమెకు వినపడినాయి. నేను చూశాను. కోచ్ ఆమె భుజం మీద చెయ్యి వేసినాడు. ఆమె వంగి షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టింది. చాలాసేపు కట్టుకుంది.

నేను ఒకరి స్కూటీ అడిగి తీసుకుని టర్నింగుకు పోయాను. అంజమ్మ ఇంకా అక్కడే ఉంది. అరవై ఏళ్లు ఉంటాయి. మదనపల్లె మార్కెట్టుకు పోయే వ్యాను కోసం టమోటాలు ఏరి బాక్సుల్లో వేస్తోంది. సంగతి చెప్పేసరికి చేతులు కొంగుకు తుడుచుకుని, "అంత మాటన్నారా మునిలచ్చుమ్మని? పా పోదాం" అని స్కూటీ ఎక్కింది. దారంతా తిడుతూనే వచ్చింది.

షామియానా కింద ఆమె బెదరలేదు. "నేను సూసినానప్పా. ఆ యమ్మి వచ్చె, దాని సుట్టూ తిరిగె, పాయె. ఉత్తరమేమన్నా ఉండాదా అని నేను అరిస్తి, ఈ పొద్దు ఆదివారమత్తా అనె. ఈ అయ్య కారులో కూచోనుండె. అద్దాలు ఎత్తుకోని ఫోను మాట్లాడతాండె."

శివకుమార్ ముఖం ఎర్రబడింది. సుబ్రమణ్యం నవ్వినాడు. "ఏమ్మా, అసలు టైం ట్రయల్ అంటే ఏందో నీకు తెలుసా?"

"నాకు తెలీదప్పా. ఆ ఎర్ర టోపీ సుట్టూ తిరగల్లని మాత్రం తెలుసు. పొద్దున్నించి అందురూ దాని సుట్టే తిరగతాండారు గదా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వినారు. అంజమ్మ నవ్వించడానికి అనలేదు. వాళ్ల నవ్వులో ఆమె చెప్పిన సాక్ష్యం కొట్టుకుపోయింది. "రూల్ ప్రకారం టర్నింగ్ దగ్గరుండే మార్షల్ కాగితమే ఫైనల్" అన్నాడు సుబ్రమణ్యం. ఫలితాల కాగితం మీద నలభై ఏడో నంబరుకు అడ్డంగా గీత గీసినాడు. ఆ గీత స్కేలు పెట్టి గీసినాడు, అదొకటి నాకు మరుపు రాదు.

బహుమతులిచ్చినారు. మొదటి కప్పు చాందినికి. తర్వాత మైకులో, "సాధారణ సైకిల్ మీద పాల్గొన్న మన పోస్టమ్మ మునిలక్ష్మి గారికి క్లబ్బు తరఫున చిన్న సత్కారం" అన్నారు. శివకుమార్ శాలువా పట్టుకుని నిలబడినాడు. ఫోటో తీసేవాడు ముందుకు వచ్చినాడు.

మునక్క వేదిక ఎక్కింది. శాలువా కప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. మైకు ఆమె నోటి దగ్గర లేదు, అయినా అందరికీ వినపడింది.

"దొంగ అంటిరి. మళ్లా దొంగకు శాలవ యాల సార్? నేను తిరగలేదంటే నన్ను పంపించేయండి. తిరిగినానంటే నా టైము రాయండి. ఈ గుడ్డ నాకొద్దు."

దిగి వచ్చి, గుండు కొట్టించుకున్న సైకిల్ తీసుకుని నడిచింది. నేను చాందిని దగ్గరికి పోయాను. "నువ్వు చూశావు. నీకు తెలుసు" అన్నాను. ఆ పిల్ల కప్పును పొట్టకు ఆనించుకుని నేలవైపు చూసింది. కోచ్ మధ్యలోకి వచ్చి, "మేడం, పిల్లను ఇబ్బంది పెట్టొద్దు" అన్నాడు. ఆ రోజు నాకు సుబ్రమణ్యం మీద వచ్చినంత కోపమే ఆ పిల్ల మీదా వచ్చింది. దాచుకోను.

క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఫలితాలు పెట్టినారు. నలభై ఏడు ఎదురుగా, 'కోర్సు పూర్తి చేయలేదు, అనర్హత.' అది ఎట్లెట్లో పల్లెలకు చేరింది. పది రోజుల తర్వాత మునక్క బడికి వచ్చి టపా ఇచ్చి పోకుండా వరండాలో కూర్చుంది.

"ఒకాయనకు పార్సిలు ఇస్తి. ఏం మునిలచ్చిమీ, ఇది మా ఇంటికే తెచ్చినావా, సగం దోవలో తిప్పుకోని వస్తాండావా అన్నాడు. నవ్వతానే అన్నాడు లే." ఆమె చేతులు చూసుకుంది. "పదకొండేండ్లు ఉషమ్మా. వంకలో నీళ్లు వచ్చినా ఉత్తరం ఇంటికాడ ఇయ్యకుండా ఎనక్కి రాలా. నా పనికి ఉండేది ఆ మాటొకటే. దాన్ని గీసి పారేసిరి."

పిల్లల్ని ఆడుకోమని పంపించి, అక్కడే ఉత్తరం రాశాను. ఆమె చెప్పింది, నేను రాశాను. అంజమ్మ పేరు, కారు సంగతి, టైము, అన్నీ. ఆమె దాన్ని తన చేత్తో స్పీడ్ పోస్టు చేసింది. క్లబ్బుకు అందింది. జవాబు రాలేదు. నేను ఫోన్ చేస్తే సుబ్రమణ్యం, "చిన్న విషయం టీచర్ గారూ, వదిలేయండి. ఫిబ్రవరిలో కుప్పంలో రెండో ట్రయల్ ఉంది, ఆమెను రమ్మనండి. పోస్టర్లో ఆమె ఫోటో కూడా వేశాము" అన్నాడు.

నిజంగానే వేసినారు. నల్ల సైకిల్ పట్టుకుని మునక్క. కింద, 'ఎవరైనా తొక్కవచ్చు!' ఆమె టైము వద్దు, ఆమె ముఖం కావాలి.

ఆ పోస్టరు చూపిస్తే మునక్క తన ఫోటో కింది మాటను పైకి చదివింది. తర్వాత, "పేరియ్యి. పోదాం" అంది.

శనివారం మా సైకిళ్లను పలమనేరు మీదుగా పోయే కూరగాయల వ్యానులో వేసి, శాంతిపురంలో ఆమె చెల్లెలి ఇంట్లో దిగినాము. ఆమె ఏమి చేయబోతుందో నాకు చెప్పలేదు. అడిగితే, "తొక్కేదానికే గదా వచ్చినాము" అంది.

కుప్పం బయట స్టార్ట్ దగ్గర జనం ఎక్కువ. ఈసారి ఆడవాళ్లం పదకొండు మంది, మమ్మల్నే ముందు వదులుతున్నారు. మునక్క తొమ్మిదో నంబరు, నేను పది, చాందిని పదకొండు. తొమ్మిదో నంబరును పిలిచినారు. ఆమె గీత దగ్గరికి పోయి, ఒక కాలు పెడలు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడింది. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. "గో!"

ఆమె కదల్లేదు.

"వెళ్లమ్మా! టైం పోతోంది!"

"పోనీ" అంది. "నా మొదటి టైము ఇంకా మీ దగ్గిర ఉండాది. అది రాయండి. అప్పుడు రెండోదానికి కదుల్తా."

సుబ్రమణ్యం పరుగున వచ్చినాడు. "ఇదేం పద్ధతి? పక్కకు రా. వెనకాల వాళ్లున్నారు."

"వాళ్లను ఆపేదానికి నేనెవురు సార్? రోడ్డు ఇంతుండాది. పోనీండి."

నిమిషం అయింది. గడియారం మనిషి నా నంబరు పిలిచినాడు. నేను ఆమె పక్కకు పోయి నిలబడినాను. ఐదు, నాలుగు, మూడు. నేనూ కదల్లేదు. నా ముఖం ఎట్లా ఉందో తెలియదు గానీ, సుబ్రమణ్యం నన్ను టీచర్ గారూ అనలేదు. "మీరు కూడానా?" అన్నాడు.

"నేను కూడా. ఆ రోజే చేయాల్సింది."

ఇంకో నిమిషం. పదకొండు. చాందిని గీత దగ్గరికి వచ్చింది. కోచ్ వెనకనుంచి, "వెళ్లు, వెళ్లు, వాళ్లను చూడొద్దు" అంటున్నాడు. ఈ పిల్ల పోతుందనే అనుకున్నాను. గడియారం మనిషి గో అన్నాడు. ఆమె ముందుకు వంగింది. మళ్లీ కాలు కింద పెట్టింది. తల ఎత్తకుండా, తర్వాత ఎత్తి, మైకు పట్టుకున్న మనిషి వైపు తిరిగింది.

"ఆంటీ తిరిగింది" అంది. "నేను కోన్ తిరిగి వస్తుంటే ఎదురొచ్చింది. కోన్‌కు వంద మీటర్లు కూడా లేదు. వెనక్కి తిరిగి చూశాను, ఎంత దగ్గరుందో తెలుసుకోవాలని. ఆంటీ కోన్ చుట్టూ తిరగడం చూశాను. అక్కడ ఎవరూ నిలబడి లేరు. సారు కారులో ఉండారు." ఊపిరి తీసుకుంది. "నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నాకు కప్పు వచ్చింది కదా, అందుకే చెప్పలేదు."

అది ఆమె సొంత ఊరు. ఆమె అమ్మానాన్నలు జనంలో ఉన్నారు. ఆ చివరి మాట చెప్పకపోయినా సరిపోయేది. చెప్పింది. ఆమె మీద నాకున్న కోపం అక్కడే సగం చచ్చిపోయింది. మిగతా సగం పోవడానికి ఇంకొన్నాళ్లు పట్టింది.

జనంలో గుసగుస మొదలైంది. ఎవరో మగవాళ్ల వరసలోనుంచి, "రాసెయ్యండి సార్, ఇంకేముంది" అని అరిచినారు. అందరూ శివకుమార్ కోసం చూసినారు. ఆయన గొంతు సవరించుకుని, "బీపీ మాత్ర వేసుకోవడానికి ఒక్క నిమిషం కూర్చున్న మాట వాస్తవమే" అన్నాడు. నెల రోజుల కిందట కదల్లేదన్న మనిషి. తప్పయిందని మాత్రం అనలేదు.

సుబ్రమణ్యం పాత ఫలితాల ఫైలు తెప్పించినాడు. పెన్ను తీసి, గీత కొట్టిన చోట పక్కన రాసినాడు. మునక్క సైకిల్ దిగలేదు. "మైకులో చదవండి సార్. ఆ పొద్దు మైకులోనే గదా పిల్చినారు."

ఆయన చదివినాడు. నలభై ఏడో నంబరు, మునిలక్ష్మి, నలభై ఐదు నిమిషాల ముప్పై సెకన్లు, ప్రథమ స్థానం. గొంతులో ఇష్టం లేదు. అయినా చదివినాడు.

"ఇప్పుడు లెక్కపెట్టండి" అంది మునక్క.

మా ముగ్గురికీ మళ్లీ మొదటినుంచి టైము ఇచ్చినారు. ఆ రోజు ఎదురుగాలి. ఆ రోడ్డులో మిట్టలు ఎక్కువ, గేర్లున్నవాళ్లకు అది కలిసొచ్చింది. పైగా మునక్క కాళ్లు అప్పటికే కోపంతో బిగుసుకుపోయి ఉన్నాయి. నాలుగో స్థానంలో వచ్చింది. మూడో ఆమెకూ ఆమెకూ పదకొండు సెకన్లు తేడా. చాందిని మొదట వచ్చింది, న్యాయంగా వచ్చింది. నేను చివరినుంచి రెండు.

తొక్కడం అయినాక చాందిని సంచిలోనుంచి పుంగనూరు కప్పు తీసి తెచ్చింది. కోచ్ కనపడలేదు. "ఇది మీది ఆంటీ. పొద్దున్నే సంచిలో పెట్టుకుని వచ్చినాను. ఇవ్వడానికి ధైర్యం వస్తుందో రాదో తెలీక ఊరికే పెట్టుకున్నా."

వద్దులే నువ్వే ఉంచుకో అని మునక్క అంటుందేమో అనుకున్నాను. అనలేదు. రెండు చేతులతో తీసుకుని, తిప్పి చూసి, "నాదే గదా" అంది. తర్వాత ఆ పిల్ల చెంప మీద చెయ్యి పెట్టి, "ముందే చెప్పుంటే నేను ఈ నెలంతా నిద్ర పోయుందును గదమ్మా" అంది. తిట్టు కాదు అది. చాందిని మాత్రం గట్టిగా ఏడ్చింది.

కథ ఇక్కడ అయిపోయి ఉంటే నాకూ బాగుండేది. సాయంత్రం సైకిళ్లు బస్సు పైన వేసుకుని తిరిగొస్తుంటే గ్రూపులో సవరించిన ఫలితాలు పెట్టినారు. నలభై ఏడో నంబరు టైము ఉంది. దాని కింద, 'మానవతా దృక్పథంతో పరిగణించడమైనది.'

ఆ వాక్యం చదివి నేను బస్సులోనే లేచి నిలబడినాను. ఏం మానవత? ఎవరి మీద? ఇరవై కిలోమీటర్లు తొక్కింది ఆమె. కారులో కూర్చుంది ఆయన. అబద్ధం చెప్పింది ఆయన. దయ చూపించింది కూడా ఆయనేనా?

బస్సులోనుంచే ఫోన్ చేశాను. సుబ్రమణ్యం, "ఒక్క మాటలో ఏముందండీ, టైము రాశాము కదా" అన్నాడు.

"ఒక్క మాటే కదా, అయితే తీసేయండి."

తీయలేదు. మరునాడు మళ్లీ చేశాను. ఆ మరునాడు చాందిని గ్రూపులో రాసింది, 'దయచేసి ఆ వాక్యం తొలగించండి. ఆంటీ గెలిచింది.' దాని కింద కుప్పం ఆడవాళ్లు నలుగురు, మదనపల్లె మగవాళ్లు ముగ్గురు అవునని పెట్టినారు. నాలుగో రోజు వాక్యం పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ రాయలేదు.

మునక్క ఇప్పుడు మళ్లీ క్యారియరు, బుట్ట బిగించుకుని టపా పంచుతోంది. పార్సిలు మాట అన్నాయన ఇంటికి పోయినప్పుడు, ఆయన అడగకముందే, "మొదుటి బహుమానం అన్నా, నలబై ఐదు ముప్పై" అని చెప్పి వచ్చిందంట. ఆ మనిషి తలుపు దగ్గరే నిలబడి, కాఫీ తాగిపో అన్నాడంట. తాగకుండా వచ్చేసింది.

శివకుమార్ ఇంతవరకూ క్షమాపణ చెప్పలేదు. మునక్క దాన్ని గురించి అడగదు. ఆమెకు కావలసింది రాయించుకుంది. నేను మాత్రం ఆ క్లబ్బు వాళ్లు ఎక్కడ కనపడినా అడుగుతూనే ఉన్నాను.